మూడు గోల్స్ వెనకపడిన లివర్‌పూల్ ఇస్తాంబుల్‌లో ఎలా గెలిచింది?

మీ ప్రశ్న ఇది: 2005లో యూరప్ క్లబ్బుల అతి పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో హాఫ్ టైమ్‌కి 3-0తో వెనకపడ్డ లివర్‌పూల్, ఏసీ మిలాన్ లాంటి జట్టు మీద చివరికి ఎలా గెలిచింది? అది అదృష్టమా, మిలాన్ వాళ్లు గెలిచేశామనుకుని చేతులు దులిపేసుకున్నారా, కోచ్ ఏమైనా మార్చాడా? మ్యాచ్ మొత్తం మొదటిసారి చూడబోతున్నారు కాబట్టి దేన్ని గమనించాలో కూడా చెప్పమన్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఆ మ్యాచ్ లైవ్‌లో చూశాను. ఇస్తాంబుల్‌లో మే 25 రాత్రి 9:45కి మొదలైంది, మనకు అప్పటికి తారీఖు మారి 12:15 అయింది. హాఫ్ టైమ్‌లో నాతో ఉన్న ఇద్దరు స్నేహితులు ఇంకేం చూస్తాంలే అని పడుకున్నారు. నేను మూడింటి దాకా కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అందుకే కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం. హాఫ్ టైమ్‌లో లివర్‌పూల్ కోచ్ బెనీటెజ్ చేసిన ఒక్క మార్పుతో మైదానం మధ్యలో లెక్క సరిపోయింది, దాంతో లివర్‌పూల్ ఆటలోకి వచ్చింది. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ పడటంలో ఆ మార్పుకీ కెప్టెన్ జెరార్డ్‌కీ సమాన వాటా ఉంది. కానీ 3-3 అయ్యాక ఇంకో గంట ఆట మిగిలింది. ఆ గంటలో ఎక్కువ భాగం మిలాన్‌దే పైచేయి. లివర్‌పూల్ ఆ గంటని ఎలా ఈదిందన్నదే నా దృష్టిలో అసలు కథ. హైలైట్స్ వీడియోల్లో ఆ గంట దాదాపు కనిపించదు.

రెండు జట్ల మధ్య తేడా ఎంతో ముందు తెలియాలి. ఆ సీజన్లో లివర్‌పూల్ ఇంగ్లండ్ లీగ్‌లో ఐదో స్థానంలో నిలిచింది. ఛాంపియన్ చెల్సీకి 95 పాయింట్లు, లివర్‌పూల్‌కి 58. సొంత ఊరి ప్రత్యర్థి ఎవర్టన్ కూడా వీళ్లకంటే పైనే ఉంది. ఇటు మిలాన్ రెండేళ్ల కిందటే, 2003లో ఇదే కప్పు గెలిచిన జట్టు. గోల్‌లో డిడా, వెనక కఫూ, స్టామ్, నెస్టా, మాల్దీనీ. మధ్యలో పిర్లో, గట్టూసో, సీడార్ఫ్, కకా. ముందు షెవ్‌చెంకో, క్రెస్పో. షెవ్‌చెంకో అంతకుముందు ఏడాదే బాలన్ డోర్, అంటే ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు, అందుకున్నాడు. కోచ్ అంచెలోటి. కాగితం మీద చూస్తే పోటీయే లేదు.

ఇక మొదటి సగం. ఆట మొదలై నిమిషం కూడా కాలేదు. కకాని లివర్‌పూల్ డిఫెండర్ ట్రావోరే ఫౌల్ చేశాడు, కుడివైపు నుంచి పిర్లో ఫ్రీ కిక్ వేశాడు, మాల్దీనీ గాల్లో ఉన్న బంతిని కుడికాలితో తన్ని గోల్ చేశాడు. అప్పటికి అతనికి 36 ఏళ్లు. ఇరవై మూడో నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు హ్యారీ క్యూయెల్ గాయంతో బయటికి వెళ్లాడు, వ్లాదిమిర్ స్మిచెర్ వచ్చాడు. 39, 44 నిమిషాల్లో క్రెస్పో రెండు గోల్స్ కొట్టాడు. వాటిలో మొదటిదానికి కొన్ని క్షణాల ముందు అవతలి పెనాల్టీ బాక్స్‌లో బంతి నెస్టా చేతికి తగిలిందని లివర్‌పూల్ వాళ్లు గోల పెట్టారు. రిఫరీ మెహూతో గొంజాలెజ్ పట్టించుకోలేదు, మిలాన్ అటునుంచి అటే పరుగెత్తి గోల్ చేసింది.

మూడో గోల్ దగ్గర మాత్రం వీడియో ఆపండి, వెనక్కి తిప్పి నాలుగైదు సార్లు చూడండి. మిలాన్ సగంలో, సెంటర్ లైన్‌కి కాస్త వెనకగా బంతి కకా దగ్గరికి వస్తుంది. వెనకే జెరార్డ్ ఉన్నాడు. కకా బంతిని ఆపడు. వచ్చిన బంతిని వస్తున్న దిక్కు నుంచే తిప్పేస్తాడు, ఆ ఒక్క టచ్‌తో జెరార్డ్ వెనకపడిపోతాడు. తలెత్తి చూసి రెండడుగులు వేసి పాస్ ఇస్తాడు. ఆ బంతి నేల మీద వంపు తిరుగుతూ లివర్‌పూల్ డిఫెండర్ క్యారగర్ చాచిన కాలికి అందకుండా పోయి, సరిగ్గా క్రెస్పో పరుగుకి ఎదురవుతుంది. క్రెస్పో కూడా ఆపడు. ముందుకొచ్చిన గోల్‌కీపర్ డుడెక్ మీదుగా మెల్లగా పైకి లేపుతాడు. ఆ గోల్ కోసమైనా ఆ మ్యాచ్‌లో మిలాన్ గెలవాల్సింది అనేవాళ్లు ఉన్నారు. అది చూశాక వాళ్లతో వాదించాలనిపించదు.

ఇప్పుడు ఆలోచించాల్సింది, కకాకి అంత ఖాళీ ఎక్కడిది? దీన్ని మా పిల్లలకు చెప్పేటప్పుడు నేల మీద సోడా మూతలు పెట్టి చూపిస్తాను. మిలాన్ మిడ్‌ఫీల్డ్ వజ్రం ఆకారంలో ఉంటుంది: కింద పిర్లో, పక్కల గట్టూసో, సీడార్ఫ్, పైన కకా. నాలుగు తెల్ల మూతలు. లివర్‌పూల్‌కి మధ్యలో ఉన్నది ఇద్దరే, జెరార్డ్, అలోన్సో. రెండు ఎర్ర మూతలు. రీసె, గార్సియా లాంటివాళ్లు పక్కల్లో ఉన్నారు. అక్కడ మిలాన్‌కి మిడ్‌ఫీల్డర్లే లేరు, కాబట్టి అడ్డుకోవడానికి వాళ్లకి ఎదురుగా ఎవరూ లేరు. ఒక రోజు పదకొండేళ్ల పిల్లవాడు జెరార్డ్ మూతని పట్టుకుని పిర్లో వైపు జరిపాడు, కకా ఖాళీ అయ్యాడు. మళ్లీ కకా దగ్గరికి లాగాడు, పిర్లో ఖాళీ అయ్యాడు. అటూ ఇటూ నాలుగుసార్లు జరిపి, "సార్, ఇంకొక మూత ఇవ్వండి" అన్నాడు. హాఫ్ టైమ్‌లో బెనీటెజ్ చేసింది అదే.

ఆ ఇంకొక మూత పేరు డీట్మార్ హమాన్. జర్మనీ మిడ్‌ఫీల్డర్. పరుగులో వేగం లేదు, గోల్స్ పెద్దగా కొట్టడు. ఎక్కడ నిలబడాలో మాత్రం బాగా తెలిసినవాడు. మొదట అతన్ని పక్కన పెట్టి క్యూయెల్‌ని ఆడించడం బెనీటెజ్ చేసిన తప్పు అనే నేనంటాను. ఎదురుదాడికి దిగుదామనుకున్నాడు, నిమిషంలోనే గోల్ పడేసరికి లెక్క తారుమారైంది. తప్పు చేసిన మనిషే దాన్ని పావుగంటలో దిద్దుకోగలగడం చాలామంది కోచ్‌లకు చేతకాదు.

డ్రెస్సింగ్ రూమ్‌లో గందరగోళం కూడా జరిగింది. ముందు ట్రావోరేని తీసేస్తున్నానని చెప్పాడు, అతను స్నానానికి బయల్దేరాడు. ఈలోగా రైట్ బ్యాక్ ఫిన్నన్ గాయంతో ఇంక ఆడలేడని ఫిజియో చెప్పాడు. క్యూయెల్ స్థానంలో అప్పటికే ఒక మార్పు అయిపోయింది, మూడే మార్పులకు అవకాశం. దాంతో ఫిన్నన్‌ని తీసి ట్రావోరేని మళ్లీ బూట్లు వేసుకోమన్నారు. చివరికి కుదిరిన అమరిక: వెనక ముగ్గురు, క్యారగర్, హూపియా, ట్రావోరే. కుడి అంచున స్మిచెర్, ఎడమ అంచున రీసె. మధ్యలో హమాన్, అలోన్సో. వాళ్ల ముందు జెరార్డ్, గార్సియా. అందరికంటే ముందు బారోష్. మధ్యలో ఇప్పుడు నలుగురికి నలుగురు. కకా అటూ ఇటూ తిరిగే చోట హమాన్ కాపు కాశాడు. అన్నిటికంటే ముఖ్యం, జెరార్డ్‌కి కాపలా పని తప్పింది. ఇరవై గజాలు ముందుకు జరిగాడు.

అందుకే 54వ నిమిషంలో జెరార్డ్ ఎక్కడున్నాడో చూడండి. రీసె ఎడమ నుంచి వేసిన మొదటి క్రాస్ డిఫెండర్‌కి తగిలి వెనక్కి వచ్చింది, రెండోసారి వేశాడు. జెరార్డ్ పెనాల్టీ బాక్స్ మధ్యలో ఉన్నాడు, తల తిప్పి డిడాకి అందనంత ఎత్తున కొట్టాడు. మొదటి సగంలో ఆ సమయంలో అతను నలభై గజాల వెనక కకా కోసం వెతుక్కుంటూ ఉండేవాడు. గోల్ కొట్టాక రెండు చేతులూ పైకి ఊపుతూ అభిమానుల్ని లేపుకుంటూ వెనక్కి పరుగెత్తాడు. హాఫ్ టైమ్‌లో ఆ అభిమానులే 3-0 మీద కూడా గొంతెత్తి తమ క్లబ్ పాట పాడారు. ఆటగాళ్లకు అది లోపలికి వినిపించిందని తర్వాత వాళ్లే చెప్పారు.

56వ నిమిషంలో స్మిచెర్ బాక్స్ బయటి నుంచి నేల బారుగా కొట్టాడు. దారిలో ఉన్న బారోష్ ఒళ్లు పక్కకి తిప్పుకున్నాడు, డిడా చేతికి తగిలీ తగలనట్టు బంతి లోపలికి పోయింది. స్మిచెర్‌కి లివర్‌పూల్ తరఫున అదే ఆఖరి మ్యాచ్, అప్పటికే క్లబ్ అతన్ని పంపించేస్తోంది. 60వ నిమిషంలో బారోష్ వదిలిన బంతికి పరుగెత్తుతున్న జెరార్డ్‌ని వెనక నుంచి గట్టూసో పడేశాడు. మళ్లీ జెరార్డే, మళ్లీ బాక్స్‌లోనే. అలోన్సో పెనాల్టీని డిడా తన కుడికి దూకి ఆపాడు, వెనక్కి వచ్చిన బంతిని అలోన్సో ఎడమకాలితో పైకప్పు వలలోకి కొట్టాడు. 3-3.

మిలాన్ వాళ్లు హాఫ్ టైమ్‌లోనే సంబరాలు చేసుకున్నారన్న మాట మీరూ వినే ఉంటారు. మాల్దీనీ, క్రెస్పో సహా మిలాన్ వాళ్లు దాన్ని గట్టిగా కొట్టిపారేశారు. నేను వాళ్లనే నమ్ముతాను, దానికి కారణం మ్యాచ్‌లోనే ఉంది. రెండో సగం మొదలైన కొద్ది నిమిషాలకే షెవ్‌చెంకో కొట్టిన గట్టి ఫ్రీ కిక్‌ని డుడెక్ కష్టం మీద ఆపాడు. చేతులు దులిపేసుకున్న జట్టు నాలుగో గోల్ కోసం అలా తాపత్రయపడదు. మిలాన్‌ని కుదిపింది వాళ్ల గర్వం అనుకోను. నలభై ఐదు నిమిషాలు ఖాళీగా కనిపించిన చోట అకస్మాత్తుగా మనుషులు కనిపించడం, దాన్ని అర్థం చేసుకునేలోపే గోల్ మీద గోల్ పడటం. ఆరు నిమిషాల్లో ఏ కోచ్ అయినా ఏం దిద్దగలడు?

ఇక్కడి నుంచే మీరు జాగ్రత్తగా చూడాలి. చాలామంది మూడో గోల్ చూసి నేరుగా పెనాల్టీలకు వెళ్లిపోతారు.

61వ నిమిషం తర్వాత లివర్‌పూల్‌కి ఒంట్లో శక్తి అయిపోతూ వచ్చింది. మిలాన్ నెమ్మదిగా తేరుకుంది. డెబ్బయ్యో నిమిషం ప్రాంతంలో షెవ్‌చెంకో కొట్టిన బంతిని గోల్ గీత దగ్గర ట్రావోరే కాలు అడ్డుపెట్టి బయటికి తన్నాడు. మొదటి నిమిషంలో ఫౌల్ చేసి గోల్‌కి కారణమైనవాడు, హాఫ్ టైమ్‌లో జట్టు నుంచి తీసేసినవాడు, మళ్లీ బూట్లు వేసుకుని వచ్చి జట్టుని కాపాడాడు. అతని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం ఆ రాత్రి అందరికంటే ఎక్కువ నచ్చిన మనిషి ట్రావోరేనే.

86వ నిమిషంలో అంచెలోటి తెలివైన పని చేశాడు. సీడార్ఫ్‌ని తీసి ఎడమ అంచుకి సెర్జీన్యోని పంపాడు. బ్రెజిల్ వాడు, మంచి వేగం. ఎదురుగా ఉన్నది స్మిచెర్, డిఫెండర్ కాదు, అప్పటికే అలిసిపోయాడు. మిలాన్ దాడి అంతా ఆ వైపే మళ్లింది. దీనికి బెనీటెజ్ ఏం చేశాడో చూడండి: జట్టు కెప్టెన్, మ్యాచ్‌ని మలుపు తిప్పిన జెరార్డ్‌ని తీసుకెళ్లి కుడి అంచున డిఫెన్స్‌లో పెట్టాడు. ఒకే మ్యాచ్‌లో జెరార్డ్ మూడు స్థానాల్లో ఆడాడు. సెర్జీన్యోతో పక్కపక్కన పరుగెత్తి, నేల మీద జారి బంతి లాక్కున్న ఆ సన్నివేశాలు అతని హెడర్ గోల్ కంటే తక్కువవేమీ కావు. గోల్స్ కొట్టే ఆటగాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. అవసరమైతే నువ్వు వెనక ఆడు అంటే మొహం మాడ్చుకునే పిల్లలకు నేను ఈ ముప్పై నిమిషాలే వేసి చూపిస్తాను.

ఎక్స్‌ట్రా టైమ్‌లో క్యారగర్‌కి కండరాలు పట్టేశాయి. క్రాస్‌కి అడ్డంగా కాలు చాచి బంతిని ఆపుతాడు, ఆపిన మరుక్షణం తొడ పట్టుకుని నేల మీద మెలికలు తిరుగుతాడు. లేస్తాడు. మళ్లీ అదే చేస్తాడు. ఆ నొప్పి ఆట ఆడినవాళ్లందరికీ తెలుసు, కాలు చాచాలంటేనే భయం వేస్తుంది.

117వ నిమిషం. సెర్జీన్యో ఎడమ నుంచి క్రాస్ వేశాడు, గోల్ ముందు షెవ్‌చెంకో తలతో కొట్టాడు. డుడెక్ కిందికి వంగి తోశాడు. బంతి మళ్లీ షెవ్‌చెంకో కాళ్ల దగ్గరే పడింది. గోల్‌కి రెండు మూడు గజాల దూరం. డుడెక్ ఇంకా మోకాళ్ల మీద ఉన్నాడు. షెవ్‌చెంకో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. డుడెక్ లేస్తూ లేస్తూ చేతులు పైకెత్తాడు, బంతి తగిలి క్రాస్‌బార్ మీదుగా పోయింది. మీరు ఆగి ఆగి చూస్తే షెవ్‌చెంకో మొహం కనిపిస్తుంది. నమ్మలేకపోతున్నాడు. మీరడిగిన అదృష్టం ఎక్కడుందీ అంటే ఇక్కడుంది. అక్కడ గోల్‌కీపర్ ఆలోచించి చేసేది ఏమీ ఉండదు. కానీ మొదటిది ఆపాక పడిపోయి ఉండకుండా లేవబోయాడు చూశారా, అది అభ్యాసం. నిలబడే ప్రయత్నంలో ఉన్నాడు కాబట్టే చేతులు అంత ఎత్తుకి వెళ్లాయి.

పెనాల్టీల గురించి మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు, రెండు సంగతులు తప్ప. ఒకటి, షూటౌట్‌కి ముందు క్యారగర్ డుడెక్ దగ్గరికి పరుగెత్తి గ్రొబెలార్‌ని గుర్తు చేశాడు. 1984 ఫైనల్లో రోమ్‌లో, రోమా జట్టు మీద, లివర్‌పూల్ గోల్‌కీపర్ గ్రొబెలార్ కాళ్లు వణుకుతున్నట్టు ఆడించి కొట్టేవాళ్లకి టెన్షన్ పుట్టించాడు. డుడెక్ గీత మీద అటూ ఇటూ చేతులు ఊపుతూ గెంతులు వేయడం అందుకే. సెర్జీన్యో బంతిని పైకి కొట్టేశాడు. పిర్లోది డుడెక్ ఆపాడు. లివర్‌పూల్ తరఫున హమాన్, సిస్సే గోల్ చేశారు. హమాన్ పాదంలో ఎముక విరిగిన స్థితిలోనే మొదటి పెనాల్టీ కొట్టాడు. మిలాన్ ఆటగాడు టామాసన్ వేశాడు, రీసెది డిడా ఆపాడు, కకా వేశాడు, స్మిచెర్ తన ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి తన్నుని లోపల వేశాడు. 3-2. ఇక మిగిలింది షెవ్‌చెంకో.

రెండో సంగతి మిలాన్ అభిమానుల తరఫున చెప్పాలి. పిర్లో కొట్టేటప్పుడు డుడెక్ గీత దాటి బాగా ముందుకొచ్చాడు. ఈ రోజుల్లో అయితే వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి మళ్లీ కొట్టించేవాళ్లు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. లివర్‌పూల్ వైపు మొగ్గేవాణ్నే అయినా నేను దాన్ని కాదనను.

షెవ్‌చెంకో సంగతి మనసుని కలచివేస్తుంది. 2003లో ఓల్డ్ ట్రఫోర్డ్‌లో యువెంటస్ మీద ఇదే కప్పు కోసం ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించింది ఇతనే. అప్పుడు నడిచిన ఆ నడకే మళ్లీ నడిచాడు. బంతిని మధ్యకి కొట్టాడు. డుడెక్ కుడికి దూకేశాడు, వెనకబడిన ఎడమ చేయి పైకి లేచే ఉంది. బంతి దానికే తగిలింది. నోటి దగ్గరికి వచ్చిన ముద్ద జారిపోవడం అంటే ఏమిటో ఆ క్షణంలో మిలాన్ ఆటగాళ్లు నిలబడిన తీరు చూస్తే తెలుస్తుంది. ఆ ఓటమి తర్వాత ఫుట్‌బాల్ మానేద్దామనుకున్నానని పిర్లో తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ గెలుపుతో లివర్‌పూల్‌కి ఐదో యూరోపియన్ కప్పు (ఛాంపియన్స్ లీగ్‌కి పాత పేరు), అప్పటి నియమం ప్రకారం ఐదుసార్లు గెలిచిన జట్టు కాబట్టి ఆ కప్పు శాశ్వతంగా వాళ్లకే ఉండిపోయింది. లీగ్‌లో ఐదో స్థానం వల్ల మరుసటి ఏడాది టోర్నీలో చోటు దక్కలేదు. విజేతే లేకుండా టోర్నీ ఎలా అని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ప్రత్యేకంగా అనుమతిచ్చి, మొదటి క్వాలిఫయింగ్ రౌండ్ నుంచి ఆడించింది. రెండేళ్లకి 2007లో ఏథెన్స్‌లో ఇవే రెండు జట్లు మళ్లీ ఫైనల్ ఆడాయి. ఇన్‌జాగి రెండు గోల్స్‌తో మిలాన్ 2-1తో గెలిచింది. విచిత్రంగా, ఆ రోజు ఆటలో చాలాసేపు లివర్‌పూలే మెరుగ్గా ఆడింది.

చూసే పద్ధతి ఒకటి చెబుతాను. మొదటి సగంలో బంతిని వదిలేసి కకాని మాత్రమే చూడండి. రెండో సగంలో హమాన్‌ని చూడండి, బంతి దగ్గరికి పరుగెత్తడు, బంతి రాబోయే చోట నిలబడతాడు. 86వ నిమిషం నుంచి జెరార్డ్‌ని కుడి అంచున చూడండి. ఎక్స్‌ట్రా టైమ్‌లో మాత్రం ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా చూడండి, ముఖ్యంగా రెండో పదిహేను నిమిషాలు.